తిరునాళ్ళలో గగుర్పాటు, వేడుక



నేడు నేను ముచ్చటింపదలచిన విషయము మొదట వినినప్పుడు పసిపిల్లల ముచ్చటవలె తోపవచ్చును. తిరునాళ్ళలో తిరుగు రాట్నములు, ఊగు పడవలు, పట్టణముల దాపున వెలసిన వినోదవనములలోని యంత్రములు, వీనిలో ఒడలు జలదరింపజేయునవి యెన్ని యుండవలెను? తాతయు మనుమడును ప్రక్కప్రక్కన కూర్చుండదగినవి యెన్ని యుండవలెను? ప్రశ్న యింతమాత్రమే. అయినను దీనికి సరియైన సమాధానము కనుగొన్నవారు లోకమున లక్షలు గడించిరి. కనుగొనలేనివారు లక్షలు పోగొట్టుకొనిరి. ఆటకై వచ్చి ప్రాణములు పోగొట్టుకొన్న నిర్భాగ్యులును కలరు. కావున తిరునాళ్ళ కమిటీలలో కూర్చుండి, ఏ యంత్రమునకు ఎంత నేల ఈయవలెనో తీర్మానించు పెద్దలు దీని పూర్వకథను కొంత వినుట యుక్తమని తలచి చెప్పబూనితిని.

మా దుగ్గిరాల పసుపు బేరమునకు పేరువడిన యూరు. యార్డులో కొమ్ము ఒక రాశిగను, కాయ వేరొక రాశిగను పోసి, దేని ధర దానికి కట్టుదురు. కొమ్ము మేలనియు కాయ కీడనియు అచ్చట నెవరును వాదులాడరు. రెండింటికిని కొనువారు కలరు. రెండును కలిపి అమ్మజూచినవానికి మాత్రమే చిక్కు. వినోదముల విషయమున గూడ సరిగా నిదియే స్థితి. గగుర్పాటు కోరువారు వేరు, వేడుక కోరువారు వేరు. ఇరువురును ఒక బండిలోనే తిరునాళ్ళకు వత్తురు. అదియే ఈ వ్యాపారములోని చిక్కు.

గగుర్పాటు మనకు క్రొత్తది కాదు. ఓరుగంటి వీథులను వర్ణించిన క్రీడాభిరామమును మీలో ననేకులు చదివియుందురు. మంచనశర్మయు టిట్టిభసెట్టియు నగరమును చుట్టివచ్చుచు ఎన్నెన్ని వినోదములు చూచిరి! పాములవారి ఆటలు, పొట్టేళ్ళ పోరు, కోడిపందెములు. వానితోపాటు మైలారుదేవుని వీరభటులును ఆ గ్రంథమున కానవత్తురు. వారు మండుచున్న నిప్పులపై నడచువారు. వాడి యలుగులు నాటిన పాతరలోనికి, పైన వ్రేలాడు ఉట్టిత్రాళ్ళను కోసికొని ఉరుకువారు. చూచినవారి గుండెలు ఝల్లుమనియుండును. అయితే ఒక సంగతి గమనింపుడు. అపాయము ఆ వీరభటునిది, గగుర్పాటు చూపరులందరిది. ఒక్కడు ప్రాణమునకు తెగింపగా వేయిమంది ఒడలు పులకించుచుండెను. ప్రాచీనకాలపు లెక్క అది.

సిడి యను నాచారమును ఈ కోవలోనిదే. పొడవైన మ్రాను కొనకు ఇనుప కొక్కెమును తగిలించి, ఆ కొక్కెమును మ్రొక్కుబడి గలవాని వీపు చర్మమున గ్రుచ్చి, వానిని ఆకాశమున త్రిప్పెడివారు. ఇది తెలుగుదేశముననే కాదు, తమిళ కన్నడ దేశములందును, వంగదేశమున చరకపూజ యను పేరను సాగినది. వంగదేశమున 1865లో ప్రభుత్వమువారు దీనిని నిషేధించిరి. మద్రాసు రాజధానిలో 19వ శతాబ్దపు ఉత్తరార్ధమంతయు విచారణలు, ఉత్తరప్రత్యుత్తరములు నడచినవి. క్రమముగా అనేక గ్రామములలో మనుష్యునికి బదులు మేకపోతునో, బొమ్మనో, గుమ్మడికాయనో కట్టి త్రిప్పుట వాడుకయైనది.

ఈ మార్పుతో నాకు జ్ఞప్తికి వచ్చునది విజయనగరము పైడితల్లి అమ్మవారి సిరిమాను. విజయదశమి వెళ్ళిన తరువాతి మంగళవారమున జరుగు ఆ యుత్సవమున, ఏబది యరువది యడుగుల పొడవుగల చింతమాను కొనను ఆసనము నమర్చి, దానిపై పూజారి కూర్చుండును. కొక్కెము లేదు, రక్తము లేదు. మాను లేచి కొన మింటనూగునప్పుడు క్రిందనున్న లక్షలమంది ఊపిరి బిగబట్టుదురు. సిడికిని సిరిమానుకును గల సంబంధమును పండితులు తేల్చుకొందురుగాక. నా మట్టునకు ఆ రెండింటి పోలిక చూచినప్పుడెల్లను, గగుర్పాటును ఉంచుకొని క్రౌర్యమును విడిచిపెట్టుట సాధ్యమేయని తోచుచుండును. ఇంజనీర్లు రాకమునుపే మనవారు చేసిన గట్టిపని యిది.

ఇక మన ప్రాంతమునకు వచ్చెదము. మహాశివరాత్రినాటి కోటప్పకొండ ప్రభలను చూడనివారు ఈ శ్రోతలలో అరుదు. వెదురుతోను కొయ్యతోను ఆకాశమంత యెత్తున కట్టి, రంగుగుడ్డలతో, ఇప్పుడు విద్యుద్దీపములతో అలంకరించిన ప్రభ ఊరినుండి కదలి వచ్చునప్పుడు దానికి నలువైపుల కట్టిన మోకులను పడుచువారు పట్టుకొనియుందురు. గాలి ఒకవైపు త్రోయును. ఎదుటివైపు మోకు బిగించవలెను. క్షణము ఏమరినచో ప్రభ ఒరగును. మోకు పట్టిన పిల్లవాని అరచేతులు మండుచుండును, గుండె గొంతులో నుండును. అదే సమయమున, అదే ప్రభకు ఎదురుగా అరుగుమీద కూర్చున్న ముత్తైదువ కొబ్బరికాయ కొట్టి, చంకలోని బిడ్డకు దీపములు చూపి మురియుచుండును. వస్తువు ఒక్కటియే. దగ్గరనున్నవానికి గగుర్పాటు, దూరముననున్నవారికి వేడుక. ఎవరెంత దగ్గరకు పోవలెనో వారి యిష్టము.

మంగళగిరి నరసింహస్వామి రథమును అట్టిదే. ఫాల్గుణమాసమున ఆ రథము గాలిగోపురము ముందర కదలునప్పుడు మోకులు లాగువారి వీరము ఒకయెత్తు, చక్రముల క్రింద కొయ్యదిమ్మెలు వేసి వేగమును అదుపుచేయువారి నేర్పు ఒకయెత్తు. నన్నడిగినచో రెండవవారే ఘనులందును. రథమును కదలించుటకు వేయిచేతులు కలవు, ఆపుటకు నలుగురే. వినోదవనములలోని యంత్రములకు ఈ దినమున బ్రేకు వేయువాడెవ్వడో, వాని పని ఎట్టిదో ప్రజలకు తెలియదు. మంగళగిరిలో మాత్రము అందరి యెదుటనే జరుగును.

రాట్నము మాట చెప్పెదను. ఇది మనదేశముననే కాక తూర్పుదేశములన్నింటను ప్రాచీనమైనది. 1615లో కాన్‌స్టాంటినోపిల్ నగరమున పండుగదినములలో పెద్ద రాట్నమెక్కి తిరిగితినని పియెత్రో దెల్లా వాల్లె యను ఇటలీ యాత్రికుడు సంతోషముతో వ్రాసికొనెను. నా బాల్యమున మా వైపు తిరునాళ్ళలో నుండినది కొయ్యరాట్నము. నాలుగు తొట్లు, దానిని త్రిప్పుటకు ఇంజను లేదు. ఒక మనుష్యుడు ఆకులమీదికి ప్రాకి, తన బరువుతో త్రొక్కి, చెంగున క్రిందికి దుమికెడివాడు. మా నాయనమ్మ నన్ను ఒడిలో నిడుకొని తొట్టిలో కూర్చుండి, "మెల్లగా త్రిప్పు నాయనా, పిల్లవాడు బెదరును" అనెడిది. "సరే మామ్మగారూ, మీరు గట్టిగా పట్టుకోండి" అని అతడు నిజముగానే మెల్లగా త్రిప్పెడివాడు. తరువాతి వంతున పడుచువారు నలుగురెక్కి, "ఏమయ్యా బాబాయ్, అన్నము తినలేదా?" అని ఎకసెక్కెమాడగా అదే రాట్నము గిరగిర తిరిగెడిది. ఎక్కినవారి మొగము చూచి వేగమును నిర్ణయించుట అతని విద్య. యంత్రపు రాట్నమునకు వేగము ముందే నిర్ణయమైయుండును. అది ఎవరి మొగమును చూడదు. ఒక రాట్నముతో తీరుచుండిన పనికి నేడు రెండు యంత్రములు కావలసివచ్చుటకు కారణము నా దృష్టిలో ఇదియే.

పశ్చిమదేశముల కథ మనకంటె వేగముగా నడచినది, ఎక్కువ దెబ్బలు తిన్నది. రుష్యాలో చలికాలమున కొయ్యతో ఎత్తైన గుట్టలు కట్టి, వానిపై నీరుపోసి గడ్డకట్టించి, బల్లలపై జారెడివారు. క్యాథరిన్ రాణి 18వ శతాబ్దమున వేసవిలో గూడ జారుటకై చక్రముల బండ్లతో తన తోటలో నొక గుట్టను కట్టించుకొనెను. 1817లో ఈ యాట పారిస్ నగరమునకు ప్రాకి, "రుష్యా కొండలు" అను పేరు పొందెను. అయితే దీనిని సామాన్యకుటుంబముల యాటగా మార్చినవాడు అమెరికావాడైన లామార్కస్ థాంప్సన్. న్యూయార్కు దాపున కోనీ ద్వీపపు సముద్రతీరమున 1884లో అతడొక ఎత్తుపల్లముల రైలును నిర్మించెను. దాని వేగము గంటకు ఆరుమైళ్ళు, అనగా మన జోడెద్దుల బండి పందెమునకంటెను తక్కువ. వెల ఐదుసెంట్లు. జనులు ప్రక్కకు తిరిగి, సముద్రమును చూచుచు కూర్చుండెడివారు. కొలది వారములలోనే పెట్టిన సొమ్ము తిరిగివచ్చెను. పల్లమునకు దిగునప్పుడు కడుపులో చక్కిలిగిలి పెట్టినట్లగును. అంతకుమించి భయము లేదు. తల్లి పిల్లను పట్టుకొని ఎక్కగలదు.

అట్టి లాభము చూచి పోటీదారులూరకుందురా? "భయము కొంచెమున్నప్పుడే యింత వచ్చినచో, ఎక్కువున్నచో నెంత వచ్చునో!" అని లెక్కవేసిరి. 1895లో అదే కోనీ ద్వీపమున ఫ్లిప్ ఫ్లాప్ అను రైలు వెలసెను. అది నిండు గుండ్రని వలయములో తలక్రిందులుగా త్రిప్పునది. ఇందలి తప్పు తెలిసికొనుటకు పెద్ద శాస్త్రము అక్కరలేదు. మనపిల్లలు నీళ్ళచెంబునకు త్రాడు కట్టి గిరగిర త్రిప్పుట చూచియే యుందురు. చెంబు తలక్రిందైనను నీరు ఒలుకదు. కాని అడుగునకు వచ్చునప్పుడు త్రాడు చేతిని ఎంతగా లాగునో త్రిప్పినవానికే తెలియును. సరిగా గుండ్రని వలయములో, పైభాగమున బండి పడిపోకుండ పోవుటకు కావలసినంత వేగముతో ప్రవేశించినచో, అడుగున మనుష్యుని బరువు ఆరురెట్లగును. అరువదికిలోల మనిషి మూడువందల అరువదికిలోలై కూర్చుండును. అదియు ఒక్క త్రుటిలో. ఫ్లిప్ ఫ్లాప్ ఎక్కినవారికి మెడలు పట్టివేసెను. ఆ యాట ఎక్కువకాలము నిలువలేదు.

1901లో వలయమును కోడిగ్రుడ్డువలె కొంత సాగదీసి, మరియొకడు వేరొక రైలు కట్టెను. బాధ తగ్గెను. కాని యెక్కుటకు జంకువారే యెక్కువ. బండికి నలుగురే పట్టుదురు. అప్పుడు ఆ రైలువాడు చేసినదేమనగా, ఎక్కనివారు నిలిచి చూచుటకు గూడ రుసుము పెట్టెను! ఇదియే చిత్రము. ఓరుగల్లులో మైలారుభటుని చూచిన లెక్కయే సముద్రములు దాటి అమెరికాలో ప్రత్యక్షమైనది. ఒకడు తలక్రిందగును, పదిమంది చూతురు. మన కోడి రామమూర్తినాయుడుగారు రొమ్ముపై ఏనుగునెక్కించుకొని నిలిచిన దినములలో సర్కసు డేరాలు క్రిక్కిరిసినదియు ఇందుకే గదా. తాను స్థిరముగా కూర్చుండి పరుని అపాయమును చూచుట మనుష్యునకు మిక్కిలి ఇష్టమైన వినోదము. తానే యెక్కుటకు కలుగు కోరిక అందులో పదవవంతు గూడ నుండదు. వలయపురైలును క్షేమముగా చేయు మార్గము 1976లో గాని దొరకలేదు. జర్మనీ ఇంజనీరు వెర్నర్ ష్టెంగెల్ కన్నీటిబొట్టు ఆకారమున, క్రింద వెడల్పుగను పైన ఇరుకుగను వలయమును గీచెను. దానితో బరువు ఒక్కసారిగా మీదపడక క్రమక్రమముగా పెరిగి తగ్గును. ఎనుబదేండ్ల జ్ఞానము ఆ వంకరగీతలో నున్నది.

భయపెట్టకయే జనులను ఆశ్చర్యపరచినవాడు ఫెర్రిస్. 1893లో చికాగో ప్రదర్శనమున అతడు నిలిపిన రాట్నము 264 అడుగుల యెత్తు. ముప్పదియారు గదులు, గదికి అరువదిమంది వంతున ఒకేసారి రెండువేల నూటికి పైచిలుకు మనుష్యులు పట్టుదురు, సరిగా 2160. వెల అర డాలరు. రెండుచుట్లు తిరుగుటకు సుమారు ఇరువదినిమిషములు. మన మామ్మగారు కోరిన వేగమది! ఆ ప్రదర్శన ముగియులోపల పదునాలుగులక్షలకు పైగా జనులు దానినెక్కిరి. ముసలివారు నగరమును చూచిరి, పడుచువారు ఎత్తునకు ఉలికిరి. కోటప్పకొండ ప్రభలో నేను చెప్పిన గుణమే ఇందును గలదు. ఒకే గదిలో ఇరువురి కోరికయు తీరినది. ఈనాటికిని ప్రతి తిరునాళ్ళలో జెయింట్ వీలు మధ్యనే యెందుకు నిలుచునో దీనివలన తెలియును.

కోనీ ద్వీపమున తరువాత స్టీపుల్‌చేజ్, లూనా పార్కు, డ్రీమ్‌లాండు అను మూడు వనములు ఒకదానితో నొకటి పోటీపడినవి. లూనా పార్కు 1903లో రెండున్నర లక్షల విద్యుద్దీపములతో వెలిగినదట. డ్రీమ్‌లాండు 1904లో తెరవబడి 1911లో కాలి బూడిదయైనది. స్టీపుల్‌చేజ్ కూడ 1907లో కాలిపోగా, దాని యజమాని టిల్యూ మరునాడే, కాలిన బూడిదను చూచుటకు పదిసెంట్లు అని బల్లకట్టెనట. అతని ధైర్యమునకు మెచ్చుకొనవచ్చును; వ్యాపారబుద్ధికి నవ్వుకొనవచ్చును.

ఇంతలో ఒక తండ్రి కథ. వాల్ట్ డిస్నీ తన కుమార్తెలను వారమువారము లాస్ ఏంజెలెస్ గ్రిఫిత్ వనములోని గుర్రాల రాట్నమునకు కొనిపోయి, తాను బల్లమీద ఊరక కూర్చుండెడివాడు. తల్లిదండ్రులును బిడ్డలును కలసి ఆడుటకు చోటెందుకుండకూడదని ఆ బల్లమీదనే తనకు తోచినదని అతడు పిమ్మట చెప్పుకొనెను. 1955 జులై 17వ తేదీన డిస్నీలాండు తెరవబడినప్పుడు అందు కోటవెనుక గుర్రాలరాట్నము కలదు, వనము చుట్టు తిరుగు ఆవిరిరైలు కలదు. పెద్ద ఎత్తుపల్లముల రైలు మాత్రము లేదు. అది 1959లో, మాటర్‌హార్న్ కొండ రూపమున వచ్చెను. నాలుగేండ్లు జనులు దానికొరకు ఎదురుచూడలేదు. వేడుకతోనే వనము నిండెను. కాని అది వచ్చిన తరువాత పడుచువారు గూడ వచ్చిరి. నెమ్మది ఆటలో గూడ చిక్కులు లేకపోలేదు. చిన్నపిల్లలకని చేసిన హిమశ్వేత కథామందిరములో మంత్రగత్తె బొమ్మలను చూచి పిల్లలు జడిసి యేడ్చుచుండుటచే, 1983లో దాని పేరునందే "భయంకర" అను మాటను చేర్చిరి. తెలిసి యెక్కుమని దాని యర్థము. ఇది మెచ్చదగిన పని. భయపెట్టుట తప్పుకాదు, చెప్పకుండ భయపెట్టుట తప్పు.

ఎదురు ఉదాహరణము కూడ అమెరికాలోనే కలదు. సిక్స్ ఫ్లాగ్స్ అను సంస్థ ఎత్తైన, వేగమైన రైళ్ళనే నమ్ముకొని పడుచువారితో వనములను నింపెను. 2005 చివర క్రొత్త యాజమాన్యము వచ్చి కుటుంబములను మరల రప్పింప యత్నించెను. కాని నెత్తిమీది ఋణభారము తీరక 2009లో ఆ సంస్థ దివాలా రక్షణ కోరవలసివచ్చెను. ఋణములకు కారణములు పెక్కు. అన్నింటిని రైళ్ళమీద త్రోయుట న్యాయము కాదు. అయినను పడుచువాడు ఒంటరిగా వచ్చి, ఎక్కి, దిగి, పోవును. కుటుంబము వచ్చినచో భోజనము చేయును, బొమ్మ కొనును, నీడలో కూర్చుండును, సాయంకాలమువరకు నుండును. దుకాణదారులకు ఈ భేదము నేను చెప్పనక్కరలేదు.

మన రాష్ట్రములలో ఈ వనములకు పూర్వరూపము హైదరాబాదు నుమాయిష్. 1938లో ఉస్మానియా పట్టభద్రుల సంఘమువారు పబ్లిక్ గార్డెన్స్‌లో దానిని ప్రారంభించిరి. 1946లో నాంపల్లి మైదానమునకు మార్చిరి. నడుమ రెండేండ్లు ఆగి, 1949లో మరల సాగినది. ప్రతి యేట జనవరి మొదటితేదీ మొదలు నలువదియారు దినములు నడచు నానవాయితీ. అందు చిన్నరైలు కలదు, తలక్రిందులు చేయు యంత్రములు కలవు, బావివంటి కొయ్యగోడలపై మోటారుసైకిలు త్రోలు మృత్యుకూపము కలదు. వారు చేసిన మంచి యేర్పాటు ఇంకొకటి యున్నది. స్త్రీలకు ఒక దినమును, పిల్లలకు ఒక దినమును ప్రత్యేకించిరి. నేలను పంచలేనప్పుడు కాలమును పంచవచ్చును. మన తిరునాళ్ళవారు ఎందుకో ఈ యుపాయమును ఇంకను అందిపుచ్చుకొనలేదు.

1996లో రామోజీ ఫిల్మ్ సిటీ వెలసినది. అది మిక్కిలి నెమ్మదియైన వినోదము. బస్సులో కూర్చుండి రాజభవనములను, వీథులను, రైలు స్టేషనులను, అన్నియు ఉత్త గోడలేయని తెలిసియు, చూచుచు పోవుటయే ముఖ్యము. మన సురభివారి మాయాబజారును చూచిన కన్నులకు ఆ సంతోషము తెలిసినదే. 2016లో రావిర్యాల వద్ద వండర్‌లా వచ్చెను. అచ్చట ముందునకు పోయి తిరిగి వెనుకకు పరుగెత్తు రైలు పడుచువారికి, నీటికొలనులు అందరికి. మనకు మిక్కిలి దగ్గరగా, మంగళగిరి దాపున చినకాకానివద్ద హాయ్‌లాండ్ అను వనమును అమరావతి బౌద్ధశిల్పముల ఫక్కిలో కట్టిరి. మన శిల్పమును ఆటస్థలమునకు వాడుకొనుట సబబా యని కొందరు ముఖము చిట్లించిరి. నాకైతే అది తప్పుగా తోచలేదు; పిల్లవాడు స్తూపపు ఆకారమును ఆటలో గుర్తుపట్టినచో పాఠములో మరువడు.

అపాయముల మాట దాచిపెట్టరాదు. 2019 జులై 14వ తేదీన అహమ్మదాబాదు కంకారియా చెరువుగట్టున ఊగుయంత్రము విరిగిపడి ఇద్దరు మరణించిరి, ఇరువదిమందికి పైగా గాయపడిరి. 2025 జనవరిలో నుమాయిష్‌లో ఒక యంత్రము మధ్యలో నిలిచిపోగా ఎక్కినవారు కొంతసేపు తలక్రిందులుగా వ్రేలాడిరి, ప్రాణాపాయము కలుగలేదు. భారత ప్రమాణసంస్థవారు ఇట్టి యంత్రములకు ఐ.ఎస్. 15475 అను ప్రమాణమును ఏర్పరచియున్నారు. పెద్ద వనములలో ద్వారమువద్ద వయస్సు నడుగక ఎత్తు కొలుతురు. పెద్దలలో కొందరికి ఇది అవమానముగా తోచును. కాని అందు న్యాయమున్నది. ఒడిని నొక్కిపట్టు కడ్డీకి పిల్లవాని యేండ్లు తెలియవు. తుంటి ఎచ్చటనున్నదో అదియే దానికి కావలెను. గుండెజబ్బు గలవారిని, మెడనొప్పి గలవారిని, గర్భవతులను వారించుటయు ఇట్టి యుక్తముననే. బావమరిది హేళన చేసెనని మందులు మ్రింగు మనిషి ఎక్కుట వీరత్వము కాదు.

తిరునాళ్ళలో మాత్రము కొలబద్దయు లేదు, చదివి వినిపించువాడును లేడు. మా ప్రాంతమున ఒక గ్రామములో కొన్నియేండ్లుగా నేను చూచుచున్నదానిని ఊరు పేరు చెప్పక వివరించెదను. ఉత్సవపు నేలను పాటపెట్టుదురు. ఎక్కువ పాడినవానికి గుడియెదుటి చోటు. ఎక్కువ పాడగలవాడు పెద్దయంత్రములవాడే. వాని ఇంజను మ్రోతయు, బూరల పాటలును రాత్రి రెండుజాములవరకు మ్రోగును. పిల్లల చిన్నరాట్నము, బొమ్మలయంగడి, చెరకురసపు బండి మురుగుకాలువ అంచునకు నెట్టబడినవి. గుడిమెట్లమీద కూర్చుండి హరికథ వినుచుండిన ముసలివారు, ఆ మ్రోతకు హరికథ వినబడక, దర్శనము చేసికొని వెంటనే ఇండ్లకు పోవనారంభించిరి. వారితో కోడండ్రును, కోడండ్రతో పసిపిల్లలును పోయిరి. మూడవయేటికి యంత్రములయొద్ద పడుచువారు తప్ప మరెవ్వరును లేరు. వారును రెండుసార్లెక్కి ప్రక్కయూరికి పోవుచుండిరి. నాలుగవయేట ఆ పాటగాడే పాటను సగమునకు దించెను.

ఇందు గ్రహింపవలసిన సంగతి లోతైనది కాదు. ఆరుగురు కలసి వచ్చినప్పుడు, ఎంతసేపు ఉండవలెనో నిర్ణయించువాడు ఉత్సాహవంతుడు కాడు, మొదట అలసినవాడు. "ఇక ఇంటికి పోదము" అను మాట ముసలమ్మ నోటినుండియో, చంటిబిడ్డ ఏడుపునుండియో వచ్చును. ఆ మాట వచ్చినపిమ్మట పడుచువాడు ఎంత గింజుకొనినను బండి కదలును. కావున పెద్దయంత్రమునకు రాబడి కావలెనన్న, ముసలమ్మ కూర్చుండుటకు నీడయు, మజ్జిగయు, ఆమె ఒడిలోని పిల్లవానికి మెల్లగా తిరుగునదొకటియు సమీపమున నుండవలెను. డిస్నీ కూర్చున్న బల్ల కథ యిదియే.

మొన్న ఒక గ్రామకమిటీవారు నన్ను పిలిచి సలహా అడిగిరి. పాట షరతులలో నాలుగుమాటలు చేర్చుడంటిని. పెద్దయంత్రము గుడికి ఎదురుగా కాక, చెరువువైపు, వచ్చినవారికి దూరమునుండి కనబడునట్లు నిలుపవలెను. చిన్నపిల్లల ఆటలకు గుడిప్రక్క నేలను పాటలో చేర్చక విడిచిపెట్టవలెను. హరికథ జరుగునంతసేపు బూరలు కట్టివేయవలెను. ప్రతిదినము ప్రాతఃకాలమున, ఒక్కరినైనను ఎక్కించకమునుపు, యంత్రమును ఖాళీగా త్రిప్పి, బోల్టులు తడిమి చూచి, చూచినవాడు పుస్తకమున వ్రాలు చేయవలెను.

కమిటీలో నొకరు, "అయ్యా, గుడిప్రక్క చోటుకు వచ్చు సొమ్ము పోవును గదా, గోపురపు సున్నము ఖర్చు ఎట్లు?" అని అడిగిరి. ప్రశ్న న్యాయమైనది. "ఈయేడు కొంత తగ్గును. హరికథ వినుటకు జనులు తిరిగి కూర్చుండుట మొదలిడినపిమ్మట అంగళ్ళపాట పెరుగునేమో లెక్కవ్రాసి చూడుడు, పెరుగనిచో మరుసటియేడు షరతు తీసివేయుడు" అంటిని. ఇద్దరు ఒప్పుకొనిరి, ఇద్దరు మౌనము వహించిరి, ఒకరు లేచిపోయిరి. చివరకు మూడుషరతులు నిలిచినవి; బూరల షరతును రాత్రి తొమ్మిదిగంటలకు పరిమితము చేసిరి. గుడిప్రక్క నేలకు ఇంకను చేతితో రాట్నము త్రిప్పువాడొకడు రేపల్లె వైపున కలడని విని, అతనికి కబురంపిరి. వచ్చెదనని చెప్పెనట, తొట్లకు క్రొత్తరంగు వేయుటకు పదిదినములు గడువడిగెనట.